సెలవులు దగ్గర పడుతున్నకొద్దీ దడ మొదలవుతోంది: ఇది నా ఒక్కదానికేనా?

ప్రశ్న
రాసినవారు: తాళంచెవుల గుత్తి

పండుగ సెలవులకు ఇంకా నాలుగు వారాల వ్యవధి ఉంది. నిన్న రాత్రి మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఈసారి కూడా అందరం మీ ఇంట్లోనే కలుద్దాం వదినా" అంది. "అంతకన్నానా, తప్పకుండా రండి" అని నోటితో అన్నాను కానీ, ఫోన్ పెట్టేశాక పావుగంట సేపు మంచం అంచున అలాగే కూర్చుండిపోయాను. గుండె దడదడలాడింది. తనంటే ఇష్టం లేక కాదు. మా మధ్య ఏ పొరపొచ్చమూ లేదు. అయినా ఆ ఒక్క మాటతో నా తలలో ఒక పెద్ద పట్టిక తెరుచుకుంది. ఎవరు ఏ గదిలో పడుకుంటారు, ఎవరికి మోకాళ్ల నొప్పులు కాబట్టి నేలమీద పరుపు పనికిరాదు, ఎవరి పిల్లవాడికి ఏది పడదు, ఎవరి కానుక ఎవరి కానుకకన్నా తక్కువగా కనిపించకూడదు, ఎవరి ముందు ఏ ప్రస్తావన తేకూడదు... ఇలా సాగుతూనే ఉంటుంది ఆ పట్టిక.

మా మామగారు మా దగ్గరే ఉండేవారు. ఆయన పోయిన తర్వాత, మూడేళ్లుగా ఈ కలయిక మా ఇంట్లోనే జరుగుతోంది. పోయినేడు 11 మంది వచ్చి 6 రోజులు ఉన్నారు. మూడో రోజు మధ్యాహ్నం అందరూ హాల్లో కూర్చుని, మా అత్తగారు చెబుతున్న ఏదో పాత సంగతికి పగలబడి నవ్వుతుంటే, నేను లోపలి గదిలో అలమర ముందు నిలబడి రాత్రికి దిండ్లు లెక్కపెడుతున్నాను. తొమ్మిది దిండ్లు, పదకొండు తలలు. ఆ నవ్వు దేనికో నాకు ఇప్పటికీ తెలియదు. ఆఫీసులో సెలవు దొరకాలంటే అంతకు ముందు పది రోజులూ రెండింతల పని చేసి రావాలి. అలా తెచ్చుకున్న సెలవు ఇలా దిండ్ల లెక్కలో పోయింది.

ఇంకొక విచిత్రం ఉంది. వాళ్లు ఉన్నన్ని రోజులూ నాకు తుమ్ము కూడా రాదు. అందరినీ సాగనంపి తలుపు వేసుకున్న రోజే, సాయంత్రానికల్లా తలలో ఒకవైపు పోటు మొదలై, వెలుతురు చూడలేక, వాంతులతో రెండు రోజులు మంచం పడతాను. మూడేళ్లూ ఇదే వరస.

మావారు చెడ్డవారేమీ కాదు. "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అంటారు, చెప్పింది చేస్తారు కూడా. ఆ చెప్పడమే నాకు భారమని ఆయనకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇది అందరికీ ఉండేదేనా, లేక జబ్బా? ఎవరి మనసూ నొప్పించకుండా ఈ ఒత్తిడిని తగ్గించుకునే దారి ఏదైనా ఉందా? ధ్యానం చేయమని, ప్రకృతిలో నడవమని మాత్రం దయచేసి చెప్పకండి. వాటికి చోటూ తీరికా ఉంటే ఈ ప్రశ్న రాసేదాన్నే కాదు.


సమాధానం
రాసినవారు: నెమ్మది

నేను మనస్తత్వశాస్త్రం బోధించే వృత్తిలో ఉన్నాను; వైద్యుణ్ని కాను. కాబట్టి మీ తలనొప్పి సంగతి తెలిసినవారికి వదిలి, మిగతాదాని గురించి రాస్తాను.

మొదట, ఇది మీ ఒక్కరికే కాదు. థామస్ హోమ్స్, రిచర్డ్ రే అనే ఇద్దరు అమెరికన్ మానసిక వైద్యులు 1967లో ఒక కొలమానం ప్రచురించారు. మనిషి జీవితంలో జరిగే 43 సంఘటనలను తీసుకుని, ఒక్కొక్క దానికి సర్దుకోవడానికి ఎంత శ్రమ పడవలసి వస్తుందో అంకెల్లో చూపించారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50. ఆ జాబితాలో సెలవు మీద వెళ్లడానికి 13, క్రిస్మస్ పండుగకు 12 ఉన్నాయి. సంతోషకరమైన సంగతులు అందులో ఎందుకున్నాయని నా విద్యార్థులు ఏటా అడుగుతారు. ఆ కొలమానం దుఃఖాన్ని కొలవదు. అలవాటైన జీవితం ఎంతగా అటూ ఇటూ అయిందో కొలుస్తుంది. అందుకే నిద్ర వేళలు మారితే 16, తిండి అలవాట్లు మారితే 15, కుటుంబ సమావేశాల సంఖ్య మారితే 15, అత్తవారి వైపు వారితో ఇబ్బందులు ఉంటే 29 అని వేశారు. మీకు ఆ చివరిది లేదన్నారు కానీ, ఉన్నవారి సెలవుల లెక్క వేసి చూడండి: 12, 13, 16, 15, 15, 29. మొత్తం సరిగ్గా 100. దీన్నిబట్టి పండుగ అంటే మరణంతో సమానమని ఎవరూ అనుకోనక్కరలేదు, ఆ కొలమానం మీద విమర్శలు కూడా చాలా ఉన్నాయి. అయితే ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవిగా కనిపించే మార్పులు ఒకే వారంలో వచ్చి పడితే బరువు ఎలా పెరుగుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు దొరకలేదు.

ఇక మీ ప్రశ్నలో అసలు విషయం దిండ్ల దగ్గర ఉందని నాకు అనిపిస్తోంది. ఎలిసన్ డామింజర్ అనే సామాజికవేత్త 35 జంటలను విడివిడిగా ప్రశ్నించి, 2019లో ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ఇంటి పనిలో చేతులతో చేసేది కాక, తలలో జరిగే పని ఒకటి ఉందని, దానికి నాలుగు మెట్లు ఉన్నాయని ఆమె చూపించారు. మీ దిండ్లనే తీసుకోండి. పదకొండు మందికి తొమ్మిది చాలవని ఎవరూ అడగకముందే తోచడం మొదటి మెట్టు. కొనాలా, పక్కింటివారిని అడగాలా, దుప్పటి మడిచి ఇవ్వాలా అని దారులు వెతకడం రెండవది. వాటిలో ఒకటి ఖాయం చేయడం మూడవది. రాత్రి పది గంటలకు అందరి తలల కిందా దిండు ఉందో లేదో చూసుకోవడం నాలుగవది. ఆమె చూసిన ఇళ్లలో నిర్ణయం తీసుకునే మూడో మెట్టు మీద భార్యాభర్తలు ఇద్దరూ కనిపించారు కానీ, ముందే తోచడం, చివరిదాకా కనిపెట్టి ఉండడం అనే మొదటి, నాలుగో మెట్లు ఎక్కువగా స్త్రీల వంతే అయ్యాయి. "ఏం చెయ్యాలో చెప్పు" అన్నప్పుడు మీవారు ఈ నాలుగూ మీకే వదిలి, వాటి తర్వాత వచ్చే చేతి పనిని మాత్రం అడుగుతున్నారు. ఆయన మంచితనాన్ని శంకించడం లేదు. ఆ నాలుగు మెట్లు ఆయన కంటికి ఇంతవరకూ కనిపించలేదు, అంతే.

కాబట్టి పనిని అప్పగించినప్పుడు దాని ఆలోచనతో సహా అప్పగించాలి. "ఈ మూడు దిండ్లు తెండి" అంటే అది సహాయం అవుతుంది. "పడక ఏర్పాట్లు మొదటి రాత్రి నుంచి చివరి ఉదయం దాకా మీవి, నేను అందులో తలదూర్చను" అంటే అది పంపకం అవుతుంది.

రెండో మాట నిద్ర గురించి. చేయవలసినవి తలలో తిరుగుతూ నిద్ర పట్టకపోతే, పడుకునే ముందు ఐదు నిమిషాలు కాగితం మీద రాయండి. 2018లో వెలువడిన ఒక ప్రయోగంలో, రాబోయే రోజుల్లో చేయవలసిన పనులను ఐదు నిమిషాలు రాసి పడుకున్నవారు, అప్పటికే పూర్తిచేసిన పనులను రాసి పడుకున్నవారికన్నా సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. పాల్గొన్నది 57 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులే కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోకండి. ఖర్చు లేనిది కనుక ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు.

రాసిన ప్రతి పని పక్కన దానికి పట్టే సమయం వేసి, ఆ అంకెను సగం మేర పెంచండి. మన పనికి మనం వేసుకునే గడువు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. కానెమన్, ట్వెర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1979లోనే ఈ పొరపాటుకు పేరు పెట్టారు. తర్వాత 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, తమ పరిశోధనా పత్రం దాదాపు 34 రోజుల్లో పూర్తవుతుందని అంచనా వేసిన విద్యార్థులకు సగటున 55 రోజులు పట్టింది. అలా పెంచిన అంకెలన్నీ కూడితే రోజుకు ఇరవై ఏడు గంటలు వస్తే, లోపం మీ శక్తిలో కాదు, జాబితాలోనే ఉందని తేలుతుంది. అప్పుడు కొట్టివేయడం సులువవుతుంది.


తాళంచెవుల గుత్తి

ఆ 100 చూసి ముందు నవ్వు వచ్చింది, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు మెట్లు అని మీరు విడదీసి చెప్పేదాకా, నేను చేస్తున్నది కూడా ఒక పనేనని నాకే తెలియదు. అందుకే కాబోలు, రోజంతా ఏం చేశావని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

అయితే ఒక సందేహం. ఆలోచనతో సహా అప్పగించమన్నారు. సరే. రాత్రి పదకొండు గంటలకు దిండు చాలలేదనుకోండి, అప్పుడు మాట పడేది ఎవరు? "వాడికేం తెలుసు, కోడలు చూసుకోవద్దూ" అనే అంటారు. మాట ఎలాగూ నాకే వస్తుందని తెలిసినప్పుడు, పని వదిలేసి దడతో కూర్చోవడం కన్నా చేసేయడమే తేలిక అనిపిస్తుంది.


సమాధానం
రాసినవారు: ఆలస్యంగా తెలిసినవాడు

"ఏం చెయ్యాలో చెప్పు" అనే భర్తల్లో నేనూ ఒకణ్ని, ఐదేళ్ల క్రితం దాకా. ఆ మాట అనడమే గొప్ప అని కూడా అనుకునేవాణ్ని.

ఒక ఏడాది సెలవులకు ముందు మా ఆవిడ ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లవలసి వచ్చింది. సరిగ్గా మావాళ్లు వచ్చే రోజు ఉదయానికి గానీ ఆమె తిరిగి రాలేదు. నాలుగు రోజులు ఇల్లు నా చేతిలో ఉంది. మొదటి రోజే ఆమెకు పద్నాలుగు సార్లు ఫోన్ చేశాను. పద్నాలుగోసారి ఆమె, "నేను ఇప్పుడు అక్కడ లేను కదా, మీరు ఏది అనుకుంటే అదే సరైనది" అని పెట్టేసింది. కోపంతో అన్న మాట కాదు. ఆ తర్వాత అర్ధరాత్రి వంటగదిలో నిలబడి, మా నాన్నగారి రక్తపోటు మందులు ఆయన సంచిలో ఎన్ని రోజులకు సరిపడా ఉంటాయో, అయిపోతే సెలవు రోజున ఎక్కడ దొరుకుతాయో మొదటిసారి ఆలోచించాను. ఆయన నాకు తండ్రి. ముప్పై ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా ఆ ఆలోచన నాకు రాలేదంటే, నా తరఫున అప్పటిదాకా ఎవరో ఆలోచిస్తూ వచ్చారన్నమాట.

మీ సందేహానికి నా జవాబు సూటిగా చెబుతాను. మాట మీకు రాకుండా చూడవలసినది మీరు కాదు, మీవారు. మా ఇంట్లో ఇప్పుడు జరిగేది ఇది: అందరూ వచ్చిన మొదటి పూటే, మా అమ్మ ముందు, మా అక్క ముందు నేనే చెబుతాను. "పడకలూ ప్రయాణాల టిక్కెట్లూ నేను చూస్తున్నాను, ఏదైనా తక్కువైతే నన్ను అడగండి." మొదటి ఏడాది మా అమ్మ ముఖం చిట్లించుకుంది. తువ్వాలు కావాలని వచ్చి కోడలినే అడిగింది. మా ఆవిడ తడుముకోకుండా, "అది ఆయన చూస్తున్నారు అత్తయ్యా" అని నా వైపు చూపించింది. ఆ వాక్యం నాలుగైదు సార్లు పలకవలసి వచ్చింది. రెండో ఏటికి తువ్వాళ్ల కోసం అందరూ నా దగ్గరికే వస్తున్నారు.

మేము పెట్టుకున్న షరతులు కొన్ని ఉన్నాయి. ఎంత చేస్తే చాలు అన్నది ముందే ఇద్దరం ఒప్పుకుంటాం, ఎందుకంటే గొడవలన్నీ ఆ "చాలు" దగ్గరే వస్తాయి. ఒకసారి అప్పగించాక, ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే తప్ప రెండోవారు సరిదిద్దరు. దుప్పటి అంచులు కలవలేదని మా ఆవిడ ఒకసారి నా వెనకాలే వచ్చి మళ్లీ పరిచింది. ఆ ఏడాది మిగిలిన రోజులు నేను ఆ పని మీద శ్రద్ధ పెట్టలేదని సిగ్గుపడకుండా ఒప్పుకుంటాను. మీరు వదలలేకపోతే ఆయన పట్టుకోలేరు. ఇది నిష్ఠూరంగా అనిపించవచ్చు, కానీ అవతలి వైపు నుంచి చూసినవాడిగా చెబుతున్నాను.

ఆరు రోజులు ఎక్కువ. రమ్మని పిలిచేటప్పుడే ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని తేదీలు చెప్పేయడం మర్యాద తక్కువ పని కాదు. వచ్చేవారికీ టిక్కెట్లు తీసుకోవడానికి అదే సులువు. ఆ ఫోన్ మీ ఆడపడుచుకు చేయవలసినది కూడా ఆమె అన్నయ్యే. వదిన నోట వస్తే అది "రావద్దు" అన్నట్టు వినిపిస్తుంది, తోడబుట్టినవాడు చెబితే ఏర్పాటు గానే వినిపిస్తుంది. న్యాయం కాదు, కానీ ఉన్నది అంతే.


సమాధానం
రాసినవారు: రాత్రి డ్యూటీ

నేను ఆసుపత్రిలో నర్సును. మీ తలనొప్పి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

అందరూ వెళ్లిన రోజే నొప్పి రావడం మీరు అనుకున్నంత విచిత్రమేమీ కాదు. ఒకవైపు పోటు, వెలుతురు పడకపోవడం, వాంతులు అన్నారు. వినడానికి మైగ్రేన్ లాగే ఉంది, అయితే నిర్ధారించవలసినది వైద్యుడే. మైగ్రేన్ ఉన్నవారిలో ఒత్తిడి పెరిగినప్పటి కన్నా, తగ్గిన వెంటనే నొప్పి రావడం చాలామందికి అనుభవమే. 2014లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, 17 మంది రోగులు మూడు నెలల పాటు డైరీ రాశారు. ఒత్తిడి తగ్గిన మొదటి 6 గంటల్లో మైగ్రేన్ మొదలయ్యే అవకాశం దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు అందులో కనిపించింది. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ వంటి హార్మోన్లు నొప్పిని కొంత అణచి ఉంచుతాయని, అవి ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఆ అడ్డు తొలగుతుందని పరిశోధకులు భావిస్తున్నారు.

దీనికి తోడు ఆ చివరి రోజు మనం చేసేది చూడండి. ఆరు రోజులు ఐదు గంటలకు లేచినవాళ్లం, ఏడో రోజు పది దాకా పడుకుంటాం. పూటకు మూడు సార్లు తాగిన కాఫీ ఆ రోజు తాగం. తిండి మానేసి నిద్రపోతాం. ఈ మూడూ మైగ్రేన్‌ను పిలిచేవే. అందువల్ల సాగనంపిన రోజున ఒక్కసారిగా కూలబడకుండా, రోజూ లేచే వేళకే లేచి, వేళకు తిని, నీళ్లు తాగి, కావాలంటే మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చండి. అంతకన్నా ముఖ్యమైనది, వాళ్లు ఉన్న రోజుల్లోనే నిద్ర 7 గంటలకు తగ్గకుండా చూసుకోవడం. పెద్దవాళ్లకు కనీసం అంత కావాలని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో తేల్చి చెప్పాయి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

మాత్రల విషయంలో జాగ్రత్త. మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు, అంతకు మించి వాడుతూ పోతే, ఆ మాత్రల వల్లే తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది. మూడేళ్లుగా ఇదే వరసలో వస్తోంది కాబట్టి సెలవులు రాకముందే ఒకసారి వైద్యుణ్ని కలవండి. ముందుగా వాడే మందులు, నొప్పి మొదలవగానే వేసుకునే మందులు వేరువేరుగా ఉన్నాయి. ఎప్పుడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా వచ్చే నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, మాట తడబడడం, ఒకవైపు చెయ్యీ కాలూ స్వాధీనం తప్పడం, వీటిలో ఏది కనిపించినా పండుగ అని చూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. గుండె దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా అంతే. "చుట్టాలున్నారు, వెళ్లాక చూపించుకుందాం" అని ఆగి, బాగా ముదిరాక వచ్చినవాళ్లను నేను ప్రతి సెలవుల్లోనూ చూస్తున్నాను.

ధ్యానం వద్దన్నారు, సరే. ఇది ధ్యానం కాదు. బాత్రూమ్ తలుపు వేసుకుని, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. అలా చేస్తే నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. వదిలే గాలి పొడుగైతే గుండె వేగం కాస్త నెమ్మదిస్తుంది. రెండు నిమిషాలు చాలు. అక్కడికి మాత్రం ఎవరూ వెతుక్కుంటూ రారు.

దడ, దిగులు సెలవులతో సంబంధం లేకుండా రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే, అది ఇలాంటి చిట్కాలతో పోయేది కాదు. సిగ్గుపడకుండా మానసిక వైద్యుణ్ని కలవాలి.


సమాధానం
రాసినవారు: ఖాళీ కుర్చీ

నా పరిస్థితి మీకు పూర్తిగా వ్యతిరేకం. మా ఇంట్లో దిండ్లు ఎక్కువ, తలలు తక్కువ. అలాగని, ఇంటినిండా మనుషులున్నందుకు సంతోషించమని మీకు చెప్పబోవడం లేదు. ఆ మాట నాకెవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

మా అమ్మ పోయిన మొదటి ఏడాది, సెలవులకు మా అన్నదమ్ములం అందరం కలిశాం. పిల్లలు బాధపడతారని, నాన్న తట్టుకోలేరని, అమ్మ పేరు ఎత్తకూడదని ఎవరికి వాళ్లమే అనుకున్నాం. ఇంకేముంది, ఆ మూడు రోజులు చిన్న చిన్న విషయాలకు అరుచుకున్నాం. తలుపు గట్టిగా వేశారని, టీవీ శబ్దం పెంచారని. ఇప్పుడు తలుచుకుంటే ఆ అరుపులన్నీ ఎక్కడివో తెలుస్తోంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన మాట ఒకటి తర్వాత చదివాను. పోయినవారి లోటును అనుభవించడం, మారిన జీవితానికి సర్దుకోవడం అనే రెండింటి మధ్య మనిషి అటూ ఇటూ ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడం ఆరోగ్యకరమేనని వారి సిద్ధాంతం. మేము ఊగనివ్వలేదు. ఒకవైపే బిగపట్టుకుని కూర్చున్నాం. రెండో ఏడాది మా వదిన, భోజనాలయ్యాక ఒక అరగంట అమ్మ గురించి మాట్లాడుకుందామని తనే మొదలుపెట్టింది. నాన్న ఏడ్చారు. తర్వాత పిల్లలతో కూర్చుని పేకాట ఆడారు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను ఆపేసింది. మామగారు మీ దగ్గరే ఉండేవారని, ఆయన పోయాకే ఈ కలయిక మీ ఇంటికి వచ్చిందని, మూడేళ్లుగా ఇలా అవుతోందని మీరే రాశారు. మీ ఆడపడుచు మీ ఇంటికే ఎందుకు రావాలనుకుంటున్నారో ఎప్పుడైనా అడిగారా? ఆమెకు కావలసినది ఆరు రోజుల ఏర్పాట్లు కాకపోవచ్చు. నేను పొరబడి ఉంటే మన్నించండి.


తాళంచెవుల గుత్తి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ సమాధానాలన్నీ మావారి చేత చదివించాను. నాలుగు మెట్ల దగ్గర చాలాసేపు ఆగారు. "నేను మూడోదాంట్లో ఉంటున్నాను కదా" అన్నారు ముందు, తర్వాత ఇంకేమీ అనలేదు. మర్నాడు చెల్లెలికి తనే ఫోన్ చేశారు. నేను పక్కనే కూర్చున్నాను. తేదీలు చెప్పి, ఈసారి మూడు రోజులు అనుకుంటున్నామని అంటే, అవతల ఆమె తడుముకోకుండా సరేనంది. ఖాళీ కుర్చీ గారు అడగమన్న ప్రశ్న కూడా ఆయనే అడిగారు. కాసేపు మాట వినిపించలేదు. "నాన్న గదిలో ఒక రాత్రి పడుకుంటే చాలన్నయ్యా" అంది. మూడేళ్లుగా ఆ గదిని నేను పిల్లలకని చెప్పి ఆటవస్తువులతో నింపుతున్నాను, అందరికీ చోటు సరిపోవాలని. ఆమె ఒక్కసారి కూడా వద్దనలేదు. ఈసారి ఆ గది ఆమెది. ఇంకెవరికీ లేదు.

వైద్యురాలి దగ్గరికి గురువారం వెళ్తున్నాను. దడ పూర్తిగా పోయిందని చెప్పను. పడక ఏర్పాట్లు మావారికి అప్పగించిన రాత్రి, రెండుసార్లు లేచి అలమర దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. అప్పగించడం కూడా ఒక పనేనని అప్పుడే తెలిసింది.

మొన్న ఆదివారం ఆయన, "దిండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి?" అని అడిగారు. జవాబు నోటి చివరిదాకా వచ్చింది. "మీరే చూడండి" అన్నాను. రెండు గంటల పాటు ఇంట్లో తలుపులు తెరుస్తున్న చప్పుడు, అటక మీద నిచ్చెన వేసిన చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. చివరికి దుమ్ముకొట్టుకున్న చొక్కాతో వచ్చి, తొమ్మిది కాదు, పది ఉన్నాయన్నారు. ఆ పదోది మా మామగారిదట. అటక మీద, ఆయన పాత పెట్టెలో దొరికింది.